పాటల పెట్టె



శబ్దము ఆకాశమునకు గుణమనియు, దానికి పుట్టుట, నశించుట గలవనియు నైయాయికులందురు. కాదు, శబ్దము నిత్యమే, మన యుచ్చారణము దానిని వ్యక్తము చేయుట మాత్రమేయని మీమాంసకులందురు. చిన్ననాడు గురువుగారి యెదుట కూర్చుండి యీ రెండు వాదములను వల్లించితిని. ఏ పక్షము పట్టుమన్న ఆ పక్షము పట్టి వాదించితిని. కాని యీ వాదమునకు గల బరువు నాకు తెలిసినది అరువది యేండ్లు దాటిన పిమ్మటనే. మా తండ్రిగారి కంఠస్వరము గల కేసెట్టు యంత్రములో చిక్కుకొని, పలుకు పోయి మూలుగు మాత్రము వినవచ్చిన నాడు, నైయాయికులు చెప్పినది నా చెవులకే తెలిసినది.

నేడు నేను చెప్పబోవునది తర్కశాస్త్రము గాదు. అరచేత నిముడు చిన్న కంప్యూటరు పలకతో ఇంటనే పాటల పెట్టెను నిర్మించుకొను విధానమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. నేను యంత్రవిద్య నెరిగినవాడను గాను. ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న పండితుడను. కావున నేను చేసినదియు, చేయుటలో పొరపడినదియు మాత్రమే విన్నవించుకొందును.

ఈ పనికి నన్ను పురికొల్పినది మా తల్లిగారి యవస్థ. ఆమెకు ఎనుబది యెనిమిది సంవత్సరములు. నీటికాసుల వ్యాధిచే చూపు పూర్తిగా పోయినది. మా తండ్రిగారు మా యూరి రామాలయమున పురాణము చెప్పుచుండెడివారు. 1984వ సంవత్సరమున నేనొక టేపురికార్డరు కొని, వారి పురాణమును పదునొకండు కేసెట్లలో పట్టి యుంచితిని. వారు 1992లో గతించిరి. అది మొదలు ప్రతి సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఆ కేసెట్లలో నొకటి వినుట మా తల్లిగారికి నిత్యకృత్యమైనది. చూపు పోయిన తరువాత కూడ ఆమె వ్రేళ్లకు ఆ టేపురికార్డరు మీటలన్నియు తెలిసియే యుండెను. కొంతకాలమునకు ఆ యంత్రము పాడైనది. బాగుచేయువారును లేరైరి. మనుమడు ఒక సెల్ ఫోనులో పాటలు పెట్టి తెచ్చి యామె చేతికిచ్చెను. ఆమె దానిని కొంతసేపు తడవి చూచి, "ఒరే నాయనా, దీనిమీద వేలు పెడితే అద్దం తగులుతోంది గాని పాట తగలడం లేదురా" అనెను.

ఆ మాట నాకు పాఠమైనది. కన్నులు గలవారికి నునుపైన అద్దము సుఖము. కన్నులు లేనివారికి అది గోడతో సమానము. వ్రేలికి తెలియు మీట గల పెట్టె యొకటి కావలెను. అట్టిది బజారులో విచారించితిని. దొరికిన వానిలో కొన్ని రెండు మూడు ఘడియల పాటలే పట్టునవి. కొన్నింటి మీటలు ఆవగింజలంత. అప్పుడు మండల కేంద్రమున సెల్ ఫోనులు బాగుచేయు నా పూర్వశిష్యు నడుగగా, అతడు, "మాష్టారూ, కొనడమెందుకు? మనమే కడదాం" అనెను.

అతడు కట్టుదమన్న పెట్టె రెండు చోట్లనుండి పాటను తేగలదు. ఒకటి అంతర్జాలము, రెండవది ఇంటిలోని నిలువ. కేసెట్టులోని పాట కడవలోని నీరు వంటిది, ఉన్నంత వరకే. అంతర్జాలమున వచ్చు పాట కాలువ నీరు వంటిది. పాట యంతయు చేరువరకు వేచియుండ నక్కరలేదు. వచ్చినది వచ్చినట్లు వినుచుందుము. అయితే కాలువ యెల్లవేళల నొక్క తీరున పారదు. అందుచే రైతు చేనికి ఎగువను గుంట త్రవ్వి, కొంత నీరు నిలిపి, తూము గుండ సమముగా విడుచును. పెట్టెలోను అట్లే కొన్ని క్షణముల పాట ముందుగా నిలువయై, అందుండి సమముగా వెలువడును. పనివారు దానిని బఫరందురు. ఇక ఇంటిలోని నిలువ పెరటి బావి వంటిది. కాలువ కట్టివేసినను బావి యెండదు. నెలకింత యని సొమ్ము కట్టించుకొని పాటలు వినిపించు సంస్థలు నేడు కలవు. మంచివే. కాని సొమ్ము కట్టుట మానిన నాడు ఆ పాట మనకు లేదు. కాలువ వచ్చినదని పెరటి బావిని పూడ్చుకొనరాదు. నేను నేడు చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలోనే యున్నది.

ఇక నిర్మాణము. మేము వాడిన పలక పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున ఎబెన్ అప్టన్ మొదలగువారు, పిల్లలు కంప్యూటరును వాడుకొనుటయే గాక దానికి పని నేర్పుట కూడ అలవరచుకొనవలెనని తలచి, అగ్గువ వెలకు దీనిని సిద్ధపరచిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరిలో మొదటి పలక 35 డాలర్లకు అమ్మకమునకు వచ్చినది. మేము తెచ్చినది 2016లో వెలువడిన మూడవ తరము పలక. దాని పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అనగా తపాలా కార్డులో సగమునకు మించదు. తీగ లేకయే ఇంటిలోని అంతర్జాలమును అందుకొను వైఫై దానియందే కలదు. ఒక యంచున రెండు వరుసలుగా నలుబది సూదులున్నవి. మీటలు, ఇతర పరికరములు తగిలించుట ఆ సూదులకే. ఈ పలక కొలది వాట్లతోనే నడచును. రేయింబవళ్లు వెలిగియున్నను నెలకు నాలుగు యూనిట్లకు మించి కరెంటు పట్టదు.

శబ్దము అంకెలుగా నెట్లు మారునని పెద్దలు అడుగవచ్చును. చెరువులో రాయి పడినచో అల నుండి అల పుట్టినట్లు శబ్దము చెవిని చేరునని మన తార్కికులు వీచీతరంగ న్యాయము చెప్పిరి. ఆ యల యెత్తును క్షణక్షణము కొలిచి వ్రాసిపెట్టుటయే యంత్రము చేయు పని. 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కునకు ఏర్పరచిన కొలత ప్రకారము, సెకనుకు 44,100 మారులు కొలుతురు. ప్రతి కొలతయు 65,536 మెట్లలో ఏదో యొక మెట్టుపై నుండును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములను మించిన ధ్వనిని వినజాలదు. దానికి రెట్టింపునకు మించి కొలిచినచో అలను తిరిగి యథాతథముగా గీయవచ్చునని గణితజ్ఞులు నిరూపించిరి. ఈ లెక్కను ఒక గంట పాటకు దాదాపు 635 మెగాబైట్ల చోటు కావలెను. ఫ్లాక్ అను పద్ధతిలో ఒక్క యంకెయైనను పోకుండ దీనిని ఇంచుమించు సగమునకు మడువవచ్చును. కాబట్టి 64 గీగాబైట్ల పెన్ డ్రైవులో రెండు వందల గంటల గానము నిలుచును. అది బొటనవ్రేలంత యుండును.

అంకెలను తిరిగి యలలుగా మార్చు చిన్న బిళ్ల వేరుగా కావలెను. పలకయందే చెవి గొట్టములకై యొక రంధ్రమున్నను, దాని ధ్వని కొంచెము మోటు. అందుచే పి.సి.యం. 5102 అను చిప్పు గల బిళ్లను తెచ్చి సూదులకు తగిలించితిమి. పలకనుండి దానికి మూడు తీగల మీద వార్త పోవును. ఒకటి తాళము వేయును. ఒకటి ఇది కుడి, ఇది యెడమయని చెప్పును. మూడవది అంకెలను మోయును. ఇది ఫిలిప్స్ కంపెనీవారు 1986లో ఏర్పరచిన పద్ధతి. ఆ బిళ్లనుండి ధ్వని మూడేసి వాట్ల చిన్న యాంప్లిఫయరు ద్వారా స్పీకరునకు చేరును.

పలకకు బుద్ధి చెప్పు ప్రోగ్రాములకు మేము పైసయైన నీయలేదు. ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్సు దీనికి పునాది. దానిపై మ్యూజిక్ ప్లేయర్ డీమన్ అనునది పాటలను వెదకి వరుసగా వినిపించును. ఇవి యెవరైనను ఉచితముగా గైకొని, తమ కనుకూలముగ మార్చుకొనదగినవి. అన్నసత్రమున పెట్టిన విస్తరివలె ఇవి యందరివి. వేరొక కంప్యూటరునుండి ఈ ప్రోగ్రామును మెమొరీ కార్డుపైకి ఎక్కించి, కార్డును పలక యడుగున దూర్చి, కరెంటు ఇచ్చినచో నిమిషమునకు లోపలనే పెట్టె మేల్కొనెను.

పెట్టె యనగా మా యింటి యటుకపై నున్న పాత రేడియో పెట్టె. మా తండ్రిగారి కాలపు టేకు చెక్కది. లోపలి సామాను తీసివేసి, ఇవియన్నియు అందమర్చితిమి. దాని పాత గుండీలనే నిలుపవలెనని నా పట్టుదల. వాని రంధ్రములు పావు అంగుళమువి; క్రొత్త మీటల కాడలు ఆరు మిల్లీమీటర్లవి. వెంట్రుక వాసి వదులు. కాడకు కాగితపు ముక్క చుట్టగా సరిపోయినది.

ఇచ్చట మా మొదటి పొరపాటు బయటపడినది. పాటల వరుస మార్చుటకు మేము పెట్టిన మీట ఎంత త్రిప్పినను తిరుగుచునే యుండునది. మా తల్లిగారు దానిని నాలుగు చుట్లు త్రిప్పి, "దీనికి మొదలెక్కడ, తుది ఎక్కడ? ఎక్కడున్నానో నాకెట్లా తెలుస్తుందిరా?" అని యడిగెను. మేమిద్దరము ముఖములు చూచుకొంటిమి. చూపు గలవాడు తెరపై పేరు చూచి త్రిప్పును. చూపు లేనివారికి మీట యొకచోట మొదలై, మెట్టుమెట్టునకు చిటుక్కుమని, ఒకచోట ఆగవలెను. పంకా రెగ్యులేటరు వలె నుండవలెను. అందుచే నాలుగు మెట్ల మీటను పెట్టితిమి. ఎడమ చివర మా తండ్రిగారి పురాణము. రెండవ మెట్టు ఆకాశవాణి. నేడు ఆకాశవాణి తన యనేక కేంద్రముల ప్రసారములను అంతర్జాలము ద్వారా కూడ అందించుచున్నది. మూడవ మెట్టు రామదాసు, త్యాగరాజ కీర్తనలు. కుడి చివర ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయులీనము. ధ్వని హెచ్చుతగ్గుల గుండీ మాత్రము ఎంత తిరిగినను చింత లేదు. దానికి చెవియే కొలత.

రెండవ పొరపాటు నా శిష్యునిది. మీటను మూడవ మెట్టునకు త్రిప్పగనే పాట టక్కున నిలిచిపోవుచుండెను. రెండు సాయంకాలములు వెదకితిమి. పలక లెక్కలో 18, 19, 21 సంఖ్యల సూదులు ధ్వని బిళ్లకు పోవు మూడు తీగలవి. అతడు మీట తీగ నొకదానిని 18వ సూదికే తగిలించెను. త్రిప్పినప్పుడెల్ల తాళము వేయువాని చేయి పట్టుకొన్నట్లయినది. వేరొక సూదికి మార్చగనే సర్దుకొనెను. ఇట్టి పని చేయదలచినవారు ముందుగా ఏ సూది దేనికని కాగితముపై వ్రాసికొనవలెను. మరియొక హెచ్చరిక. మీటలు తగిలించు సూదులు 3.3 వోల్టులకు మాత్రమే ఓర్చును. వానికి 5 వోల్టులు తగిలినచో పలక పోవును. తీగ ముట్టునపుడెల్ల కరెంటు తీసివేయుడు.

పెట్టె సిద్ధమైనను అందు పెట్టవలసినది కేసెట్లలోనే యుండెను. ఇది యన్నిటికన్న ఓర్పు కోరు పని. అరువది నిమిషముల కేసెట్టును కంప్యూటరులోనికి దింపుటకు అరువది నిమిషములును పట్టును. పనిచేయు టేపురికార్డరును ఎరువు తెచ్చి, దాని ధ్వనిని చిన్న పరికరము గుండ కంప్యూటరునకిచ్చి, ఆడాసిటీ యను ఉచిత ప్రోగ్రాముతో పట్టితిమి. ధ్వని మట్టము పై గీతను తాకకుండ చూచుకొనవలెను. తాకినచో స్వరము పగిలినట్లుండును, తరువాత నతుకదు. నలుబది యేండ్ల టేపు ఒకదానికొకటి అంటుకొనియుండును. కావున ముందుగా ఈ చివరినుండి ఆ చివరకు, ఆ చివరనుండి ఈ చివరకు ఒకసారి చుట్టవలెను. యంత్రములోని హెడ్డును స్పిరిటుతో తడిపిన ప్రత్తితో తుడువవలెను. కేసెట్టు కిటికీలోనుండి తెల్లని బూజు కనబడినచో యంత్రములో పెట్టనే రాదు. మరలు గల కేసెట్టయినచో ఐదు మరలు విప్పి, టేపు చుట్టలను మెల్లగా తుడిచి, మంచి డొల్లలోనికి మార్చి, అప్పుడు పెట్టవలెను.

ఈ మాటలు నేనింత విడమరచి చెప్పుటకు కారణము కలదు. పదికేసెట్లు శ్రద్ధతో దింపితిమి. పదునొకండవది మా తండ్రిగారు ఆ యేటి పురాణమును ముగించి, మంగళము పాడి, సభవారి నాశీర్వదించిన కేసెట్టు. ఆ దినమున నా శిష్యుడు రాలేదు. రేపటి వరకు ఆగలేక, దానిని వెలుతురులో చూడక, చుట్టక, యంత్రములో పెట్టి మీట నొక్కితిని. మొదట వారి గొంతు స్పష్టముగానే వినబడెను. మంగళము మొదలగు చోట గొంతు బరువెక్కి, సాగి, మూలుగై, ఆగిపోయినది. తెరచి చూడగా టేపు రబ్బరు చక్రమునకు చుట్టుకొని, నలిగి, తెగియున్నది. మరునాడు శిష్యుడు వచ్చి దానిని చూచి, "తొందరపడ్డారు మాష్టారూ" అని మాత్రమనెను. ముప్పది యేండ్లు పిల్లలకు తొందరవలదని చెప్పినవాడను. బదులు చెప్పలేకపోతిని. అతుకువేసి కొంత రాబట్టితిమి. చివరి యారు నిమిషములు పోయినవి.

మరియొక విపత్తు ఎండకాలమున వచ్చినది. గాలివానకు ఒక సాయంకాలము కరెంటు మూడు మారులు పోయి వచ్చెను. ఆ పిమ్మట పెట్టె మేల్కొనలేదు. కార్డుపై వ్రాత సాగుచుండగా కరెంటు పోయినచో, ఆ వ్రాత చెదరి, కార్డంతయు పనికిరాకపోవచ్చును. మేము పురాణమును కూడ ఆ కార్డులోనే యుంచి యుంటిమి. తొమ్మిది కేసెట్ల ప్రతి శిష్యుని కంప్యూటరులో మిగిలియుండెను. తక్కిన రెండును కేసెట్లనుండి మరల దింపుకొంటిమి. దింపితిమిగదాయని కేసెట్లను పారవేసియుండినచో అవియును పోయెడివే. అటుపిమ్మట కార్డును చదువుటకు మాత్రమే, వ్రాయుటకు గాకుండ కట్టడి చేసితిమి. ఆ వసతి ఆ ప్రోగ్రాములోనే కలదు. పాటలను వేరు పెన్ డ్రైవులోనికి మార్చితిమి. ప్రతులు మూడు చేసితిమి: ఒకటి పెట్టెలో, ఒకటి బీరువాలో, ఒకటి పట్టణమున మా యమ్మాయి యింట. తాళపత్రములు ఒక్క యింటనే యున్న గ్రంథము చెదలకో యగ్నికో యాహుతియగుననియే గదా మన పూర్వులు ప్రతులు వ్రాయించిరి. సాధనము మారినది గాని ధర్మము మారలేదు.

అన్నిటికిని కలిపి నాకైన వ్యయము సుమారు ఏడువేల రూపాయలు. శిష్యుడు కూలి పుచ్చుకొనలేదు. పెట్టెను మా తల్లిగారి మంచము ప్రక్కన నుంచితిమి. ఆమె గుండీని ఎడమ చివరకు త్రిప్పి, పురాణము వినును. పదునొకండవ భాగము వచ్చిన నాడు నేను ముందుగానే జరిగినది చెప్పి, తప్పు నాదేయని యొప్పుకొంటిని. ఆమె వినుచునే యుండెను. మంగళము మొదలై గొంతు తెగిన చోట, ఆమె తానే యందుకొని, తక్కిన మంగళమును పాడి, తరువాత మా తండ్రిగారు సభవారితో చెప్పిన మాటలను కూడ ఒక్కొక్కటిగా చెప్పినది. "నలభై ఏళ్లు విన్నాను గదురా. నాకు రాకేం?" అనెను. మరునాడు ఆమెచే మరల చెప్పించి, దానిని పట్టి, ఆ యారు నిమిషముల చోట పెట్టితిమి. ఇప్పుడు పెట్టెలో మొదటి గొంతు మా తండ్రిగారిది, చివరి గొంతు మా తల్లిగారిది.

పెద్దలారా, మీ యిండ్లలో నటుకలమీద, ట్రంకు పెట్టెలలో ఇట్టి కేసెట్లుండవచ్చును. పెండ్లి పాటలు, హరికథలు, పోయినవారి మాటలు వానిలో నుండవచ్చును. పెట్టె కట్టుట తరువాతి పని. ముందుగా వానిని దింపి వెలుతురున చూడుడు. బూజు తగిలిన వానిని వేరుచేయుడు. పేరు, సంవత్సరము వ్రాసి పెట్టుడు. ఊరిలో చేయి తిరిగిన కుఱ్ఱవాడు తప్పక యుండును, అతనిని పిలువుడు. మరియు ఆ మాటలు నోటికి వచ్చినవారు మీ యింట ఇంకను ఉన్నయెడల, యంత్రముకన్న ముందు వారి ప్రక్కన కూర్చుండుడు. సెలవు.